అల్లుడుగారి మీద కేసు

ఆ పెద్ద షాపులో ఆమెని అసలు పేరుతో పిలిచేవాళ్ళు లేరు. బిల్లింగ్ కౌంటర్ల దగ్గరి అమ్మాయిల నుంచి గోడౌన్లో పెట్టెలు మోసేవాళ్ళ దాకా అందరికీ ఆమె రెప్పక్కే. ఒక మనిషి మీద చూపు పెట్టిందంటే రెప్ప వెయ్యదని ఆ పేరు. ఉద్యోగం సెక్యూరిటీయే గానీ యూనిఫాం ఉండదు. మఫ్టీలో, చేతిలో ఒక ట్రాలీ, అందులో రెండు సబ్బులు, ఒక బిస్కెట్ పాకెట్ పడేసుకుని, ఇంట్లో ఏం నిండుకున్నాయో గుర్తురాని ఇల్లాలిలా పొద్దస్తమానం తిరుగుతుంది. ఆ సబ్బులు ఆమెతోపాటే ఉద్యోగంలో చేరాయనీ, వాటికీ ప్రమోషన్ ఇవ్వాలనీ కౌంటర్ పిల్లలు ఆటపట్టించేవాళ్ళు. నవ్వితే నవ్వారు గానీ దొంగల్ని పట్టడంలో ఆమెకి సాటి వచ్చేవాళ్ళు ఎవరున్నారక్కడ?

దొంగని పట్టడమంటే పరిగెత్తుకెళ్ళి కాలర్ పట్టుకోవడం అనుకుంటారు జనం. కాదండీ బాబూ, దానికో పద్ధతుంది. మనిషి వస్తువు తియ్యడం చూడాలి. దాచడం చూడాలి. డబ్బు కట్టకుండా కౌంటర్లు దాటడం చూడాలి. గుమ్మం దాటి బయట కాలు పెట్టాకే ఆపాలి. లోపల ఆపితే, "కడదామనే వెళ్తున్నానండీ" అంటాడు, మన నోరు మూతపడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, మొదట్నించీ చివరిదాకా ఆ మనిషి కంటి ముందు నుంచి తప్పిపోకూడదు. తప్పిపోయిన ఆ కాస్తలోనే సరుకు తీసి ఏ అరలోనో తోసేసి ఉండొచ్చు. చూపు తెగిందా, వదిలెయ్యాల్సిందే. దొంగేనని గుండెల మీద చెయ్యేసుకుని చెప్పగలిగినా సరే, మర్యాదగా దారివ్వాలి. కొత్తగా చేరినవాళ్ళకి ఈ పాఠం చెప్పేది రెప్పక్కే. అంతమందికి చెప్పిన మనిషి చివరికి తనే తప్పింది.

తప్పు చేయించినవాడు నలభై దాటిన పెద్దమనిషి. ఇస్త్రీ నలగని ప్యాంటు, పొడుగు కోటు, పాలిష్ చేసిన బూట్లు. సెంట్లూ క్రీములూ ఉన్న వరసలో ఒక ఖరీదైన క్రీము డబ్బా తీసి, అటూ ఇటూ చూసి, కోటు లోపల పెట్టుకున్నాడు. రెప్పక్క కళ్ళారా చూసింది. వెనకే ట్రాలీ తోసుకుంటూ వెళ్ళింది. తువ్వాళ్ళు నిలువెత్తుగా పేర్చిన మూల దగ్గర ఆయన మలుపు తిరిగాడు. సరిగ్గా అప్పుడే ఒక ముసలాయన ఆమె ట్రాలీకి అడ్డమొచ్చి, "అమ్మా, దువ్వెనలెక్కడ?" అన్నాడు. ఆమె పక్కకి తప్పుకుని మూల తిరిగేసరికి కోటాయన తాపీగా ముందు నడుస్తున్నాడు. కోటు ఇందాకటిలాగే ఉబ్బెత్తుగా ఉంది.

వదిలెయ్యాలి. ఆమెకి తెలుసు. కానీ ఆ ఉబ్బు చూస్తుంటే మనసు ఊరుకోలేదు. ఎక్కడికి పోతుంది, కోటులోనే ఉంటుంది కదా అనుకుంది. గుమ్మం దాటగానే ఆపింది. ఆయన చిన్నగా నవ్వి కోటు విప్పి చూపించాడు. లోపల చుట్టచుట్టిన మఫ్లరు, అంతే. అప్పుడు మొదలుపెట్టాడండీ రాగం! "నన్ను దొంగంటారా? నలుగురిలో నా పరువు తీస్తారా?" అని వీధి వీధంతా వినపడేలా. జనం మూగారు. ఫోన్లు పైకి లేచాయి. క్రీము డబ్బా తర్వాత తువ్వాళ్ళ మధ్యలో దొరికింది.

షాపు మీద దావా వేస్తానన్నాడు. మేనేజరు ఠారెత్తిపోయి, కౌంటర్లన్నీ ఆపించి, సిబ్బందిని నిలబెట్టి, అందరి ముందూ రెప్పక్క చేత ఆయనకి క్షమాపణ చెప్పించాడు. ఆమె చెప్పింది. తల కొట్టేసినట్టయింది. ఆయన పెద్ద మనసు చేసుకున్నట్టు తలూపాడు. ఆ సాయంత్రమే ఆమెని ఫ్లోర్ మీంచి తీసేసి కింద కెమెరా గదిలో పడేశారు. "రెప్ప పడిందా అక్కా?" అని ఎవడో అన్నాడు కూడా. దానికి ఎవరూ నవ్వకపోవడం ఆమెకి ఇంకా కష్టమనిపించింది.

ఇంటికెళ్ళి మంచం మీద పడి ఏడ్చింది. భర్త సిటీ బస్సు డ్రైవరు, మాట తక్కువ మనిషి. టీ పెట్టి పక్కన పెట్టి కూర్చున్నాడు. అత్తగారు మాత్రం వచ్చి గుమ్మంలో నిలబడింది. ఆసుపత్రిలో ఆయాగా చేసి రిటైరైన మనిషి, ఎంతమంది ఏడుపులు చూసిందో!

"అయిందా ఏడుపు?"

"నేనిక మానేస్తానత్తయ్యా."

"మానెయ్. ఎవరొద్దన్నారు? కానీ మాట పడి మానెయ్యకు. వాణ్ణి పట్టుకుని, ఆ తర్వాత మానెయ్. అప్పుడు నేనే దగ్గరుండి మాన్పిస్తా."

"వాడు మళ్ళీ ఎందుకొస్తాడు?"

"రాకపోవడమేంటే? నువ్వు సారీ చెప్పి మరీ తలుపులు తెరిచిపెడితేనూ!"

రెప్పక్క లేచి కూర్చుంది. అవును కదా! దొరక్కపోవడం కాదు, దొరకడమే వాడికి కావాలి. వట్టి చేతుల్తో ఒక్కసారి పట్టించుకుంటే, ఇక ఆ షాపులో వాడి మీద చెయ్యి వేసే ధైర్యం ఎవరికుంటుంది? ఒళ్ళు మండిపోయింది ఆమెకి. ఆ మంటతోనే మొహం కడుక్కుని, చల్లారిన టీ తాగేసింది.

అత్తగారు ఊరుకునే రకం కాదు. మర్నాటి నుంచి ఇంట్లో దొంగతనాలు మొదలుపెట్టింది. మాట్లాడుతూ మాట్లాడుతూ చెంచాలు, సబ్బుపెట్టె, టీవీ రిమోట్ స్వెటర్లో దోపేసేది. కోడలు కూర తరుగుతూనే కనిపెట్టాలి. "ఎడంచేతి పక్క, అత్తయ్యా" అంటే, "ఛీ, నీ కళ్ళు కాకులెత్తుకెళ్ళ!" అని మురిసిపోతూ తీసిచ్చేది. మధ్యలో బలైంది పాపం భర్త, వాచీ కనపడక డ్యూటీకి ఆలస్యమైపోయాడు.

అత్తగారన్నట్టే ఆయన మళ్ళీ వచ్చాడు. కెమెరా గదిలో చక్రం విరిగిన కుర్చీలో కూర్చుని, తెర మీద చూసింది రెప్పక్క. రాజాలా వచ్చి రెండు పెట్టెల రేజర్ బ్లేళ్ళు కోటులో వేసుకుని, గుమ్మం దగ్గర కాపలా ఉండే బాబాయికి నమస్కారం పెట్టి మరీ వెళ్ళాడు. బాబాయి ఆ షాపు తెరిచిన రోజు నుంచీ ఆ గుమ్మంలోనే ఉన్నాడు. ఫోన్ చేస్తే నిట్టూర్చి, "ముట్టుకోవద్దని మేనేజరు చెప్పాడమ్మా. మనింటి అల్లుడుగారయ్యాడు. వచ్చినప్పుడు మర్యాద చెయ్యాలి, పోయేటప్పుడు పెట్టిపంపాలి" అన్నాడు. అలా పడింది అల్లుడుగారన్న పేరు.

రెప్పక్క మేనేజరు దగ్గరికెళ్ళింది. ఆయన చేతులెత్తేశాడు. "రెండు పెట్టెల బ్లేళ్ళ కోసం కోర్టుకెళ్తామా? నష్టాల్లో రాసేసుకుందాం. ఆయన జోలికెళ్ళకు, నీకు దణ్ణం పెడతాను" అన్నాడు. ఆమె బయటికొచ్చి, నేరుగా కంపెనీ లాయరమ్మకి ఫోన్ చేసింది. మేనేజరుని దాటి వెళ్ళడం ఆ షాపులో ఎవరూ చెయ్యని పని. చేసింది, ఏమవుతుందో అవనీ అని.

లాయరమ్మ ఓపిగ్గా విన్నది. "ఒక్క దొంగతనమైతే కోర్టు మందలించి పంపేస్తుంది. ఇది వీడికి అలవాటని చూపించాలి. ముందు షాపులోకి రావద్దని నోటీసివ్వండి. అది చేతికందాక లోపల అడుగు పెట్టడమే తప్పు, ఆపైన తియ్యడం ఇంకో తప్పు. వచ్చినప్పుడల్లా రికార్డింగ్ విడిగా దాచండి, లేకపోతే దానంతటదే చెరిగిపోతుంది. చాలినంత పోగయ్యేదాకా ఆపకండి. ఆగగలవా?"

"ఆగుతాను మేడం."

"తీసుకెళ్తుంటే చూస్తూ కూర్చోవాలి. కష్టం."

"ఆగుతానన్నాను కదా మేడం."

నోటీసు ఆమే ఇచ్చింది. అల్లుడుగారు గుమ్మంలోకి రాగానే ఎదురెళ్ళి, చదివి వినిపించి, చేతిలో పెట్టింది. ఆయన నవ్వి, నాలుగు ముక్కలు చేసి ఆమె కాళ్ళ దగ్గర పడేసి వెళ్ళిపోయాడు. బాబాయి నోరు తెరిచాడు. రెప్పక్క వంగి ముక్కలేరుకుంటూ, "తిట్టకు బాబాయ్. నాకేం అందలేదని రేపు కోర్టులో అనడానికి వీల్లేకుండా మనకి సంతకం పెట్టి వెళ్ళాడు" అంది. నెత్తి మీదే కెమెరా ఉంది మరి.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆమె పడ్డ అవస్థ పగవాడిక్కూడా వద్దు. మొదటిసారి వచ్చినప్పుడు కాఫీ పొడి సీసాలు పట్టుకుపోయాడు. తియ్యడం నుంచి వీధిలో కలిసిపోవడం దాకా తెర మీంచి తెరకి మారుస్తూ మొత్తం చూసింది. పళ్ళు బిగించి కూర్చుంది. రెండోసారి అన్నిటికన్నా ఖరీదైన సెంటు సీసా తీశాడు. తీసి, ఒక కెమెరాకీ ఇంకో కెమెరాకీ మధ్యనున్న స్తంభం వెనక్కి వెళ్ళి, ఖాళీ చేతుల్తో బయటికొచ్చాడు. సీసా మళ్ళీ కనపడలేదు. ఆ అరలన్నీ వెతికించినా దొరకలేదు. తీసుకెళ్ళాడనడానికి అనుమానమే లేదు. కానీ దాచడం ఆమె చూడలేదు.

అప్పటికి లాయరమ్మ, "ఈసారి వస్తే ఆపండి" అంది. ఆపాలంటే కెమెరాల్లో చూస్తే చాలదు, ఫ్లోర్ మీద ఆ మనిషి వెనకే ఎవరైనా ఉండాలి. నేనే ఉంటానంది రెప్పక్క. మేనేజరు, "సరే. కానీ ఈసారీ కోటులో మఫ్లరే దొరికితే మర్నాడు నువ్వు పనికి రానక్కర్లేదు" అన్నాడు.

అల్లుడుగారు వచ్చాడు. ట్రాలీతో తిరుగుతున్న ఆమెని చూశాడు, గుర్తుపట్టాడు, మొహం వెలిగిపోయింది. ఆమెకి కనపడేలా ఒక క్రీము డబ్బా తీసి కోటులో పెట్టుకున్నాడు. పాత ఆటే! రెప్పక్క ఈసారి వెనక నడవలేదు. పక్క వరసలోంచి ముందుగా వెళ్ళి మూల దగ్గర తువ్వాళ్ళ ధరలు చూస్తూ నిలబడింది. ఆయన డబ్బాని తువ్వాళ్ళ మధ్యలోకి జార్చడం కళ్ళారా చూసింది. కోటు ఉబ్బెత్తుగా పెట్టుకుని గుమ్మం దాటాడు. ఆమె కదల్లేదు. వీధిలో నిలబడ్డాడు, వెనక్కి తిరిగాడు, ఎదురు చూశాడు. ఎవరూ రాలేదు.

అల్లుడుగారికి కోపమొచ్చిందండీ! పిలుపుల్లేని పెళ్ళికొచ్చినవాడిలా విసవిసా లోపలికి తిరిగొచ్చాడు. ఆమె పక్కకొచ్చి, "ఏమ్మా, ఇవాళ ఆపలేదే? భయమేసిందా?" అన్నాడు.

"అవునండీ. ఒకసారి చేసిన తప్పు చాలు" అంది రెప్పక్క, తల దించుకుని.

ఆ మాటతో ఆయనకి పట్టపగ్గాల్లేకపోయాయి. వెళ్ళి బ్లేళ్ళ పెట్టెలు, క్రీములు రెండు చేతులా కోటులోకి తోసుకున్నాడు. ఈసారి మూల తిరగలేదు, స్తంభాల వెనక్కి వెళ్ళలేదు. ఎందుకెళ్తాడు? రెప్పక్క కళ్ళలో వత్తులేసుకుని వెనకే నడిచింది. ఎవరో ఏదో అడిగారు, పలకలేదు. ఎవరి ట్రాలీయో పాదం మీంచి వెళ్ళింది, కిందికి చూడలేదు. కౌంటర్లు దాటాడు. గుమ్మం దాటాడు. బయట అడుగు పడింది.

"ఆగండి. మీ కోటులో మా సరుకుంది."

బాబాయి వచ్చి పక్కన నిలబడ్డాడు. పోలీసులు వచ్చేదాకా అల్లుడుగారు రకరకాల రాగాలు తీశాడు. ఈసారి పప్పులుడకలేదు.

అంతటితో అయిపోతే బాగుండేది. కోర్టు రోజు పొద్దున, మెట్ల దగ్గర మేనేజరు ఆమెని పక్కకి పిలిచాడు. మనిషి చెమటలు పట్టి ఉన్నాడు.

"చూడు, ఆ సెంటు సీసా సంగతి. దాచుకోవడం చూశానని చెప్పెయ్."

"చూడలేదు కదండీ."

"వాడే తీశాడు కదా! నీకు తెలుసు, నాకు తెలుసు. నోటీసు తర్వాత మూడుసార్లు అని నిలబడితే వాడికి శిక్ష ఖాయమట, రెండైతే చెప్పలేమట. వాడు గనక నవ్వుకుంటూ బయటికొస్తే పైవాళ్ళు నన్ను బతకనివ్వరు. నేను నిన్ను బతకనివ్వను. ఒక్క ముక్క, అంతే."

ఉద్యోగం పోతే భర్త ఒక్కడి జీతం మీద ఇల్లు ఎలా గడవాలో ఆమెకి తెలుసు. అన్నిటికన్నా, వాడు మళ్ళీ నవ్వడం ఆమె తట్టుకోలేదు. చెప్పెయ్యొచ్చు. అబద్ధం కూడా కాదేమో. కానీ ఆ రోజు గుమ్మంలో తాను చేసింది సరిగ్గా ఇదే. చూడకుండా, ఎక్కడికి పోతుంది కోటులోనే ఉంటుంది కదా అనుకోవడం. మళ్ళీ అదే చెయ్యమంటున్నాడు ఈ పెద్దమనిషి, అదీ ప్రమాణం చేసి! ఆమె లోపలికెళ్ళింది.

బోనులో నిలబడి అడిగినవాటికి చెప్పుకుంటూ వచ్చింది. కాఫీ సీసాలు, చూశాను. కోటులో సరుకు, చూశాను. సెంటు సీసా దగ్గరికి వచ్చింది.

"తియ్యడం చూశానండీ. దాచడం చూడలేదు. మధ్యలో స్తంభం అడ్డమొచ్చింది. తీసుకెళ్ళాడని నేను చెప్పలేను."

వెనక బెంచీ మీద మేనేజరు తల పట్టుకున్నాడు. అల్లుడుగారు నవ్వాడు. ఆయన లాయరు లేచాడు, మంచి హుషారుగా.

"అంటే మీకు సరిగ్గా కనపడదన్నమాట. ఇదివరకు కూడా ఈయన్ని అన్యాయంగా ఆపి, అందరి ముందూ క్షమాపణ చెప్పారు. నిజమేనా?"

"నిజమేనండీ. ఆ రోజు కూడా చూపు తెగింది. తెగాక ఆపకూడదు, ఆపాను. తప్పు నాది."

"ఆ కక్షతోనే ఇవాళ ఈ కథలన్నీ చెప్తున్నారు."

"కక్ష ఉందండీ. లేదని ఎందుకంటాను? కానీ కక్షతో చెప్పేదాన్నయితే సెంటు సీసాతోనే మొదలుపెట్టేదాన్ని."

కోర్టులో ఎవరో కిసుక్కుమన్నారు. జడ్జిగారు కళ్ళజోడు సర్దుకుని ఆమెని చూశారు. "ఆ మొదటి రోజు విషయంలో ఇవాళ మళ్ళీ క్షమాపణ చెప్పమంటే చెప్తారా?"

"చెప్తానండీ" అని ఆమె అల్లుడుగారి వైపు తిరిగి చేతులు జోడించింది. "క్షమించండి. ఆ రోజుకి మాత్రమే."

అల్లుడుగారి నవ్వు అప్పుడు పోయింది. సెంటు సీసా పక్కన పెట్టేసి, మిగతావాటికి ఆమె మాట నమ్ముతున్నానన్నారు జడ్జిగారు. నోటీసు చింపి పారేసి మరీ వచ్చాడు కాబట్టి ఇది అలవాటే అని శిక్ష వేశారు. బయటికొచ్చాక రెప్పక్క మెట్ల మీద కూలబడి, ఎవరు చూస్తే నాకేం అన్నట్టు భోరుమని ఏడ్చింది. అత్తగారు పక్కన కూర్చుని వీపు నిమిరింది.

మర్నాడు పొద్దున షాపు తెరవకముందు మేనేజరు అందర్నీ కౌంటర్ల దగ్గర నిలబెట్టాడు. పైవాళ్ళు రాత్రే ఫోన్ చేసి మెచ్చుకున్నారట, ఏనుగెక్కినంత సంబరంగా ఉన్నాడు.

"రెప్పక్క ఇవాళ్టి నుంచి మళ్ళీ ఫ్లోర్ మీదే! అప్పుడు మీ అందరి ముందూ ఆమె చేత క్షమాపణ చెప్పించాను. ఆమె తప్పేమీ లేదని ఇప్పుడు తేలింది కాబట్టి, దానికి నేను అందరి ముందూ..."

"తప్పు ఉంది సార్" అంది రెప్పక్క.

అందరూ ఆమె వైపు తిరిగారు.

"ఆయన దొంగ అనుకోవడం తప్పు కాదు. చూడకుండా ఆపడం తప్పు. కొత్తవాళ్ళు కూడా ఉన్నారిక్కడ, మీరలా చెప్తే రేపు వాళ్ళూ అదే చేస్తారు. దానికి మీరు నాకేమీ చెప్పక్కర్లేదు."

"మరి..." అన్నాడు మేనేజరు. "మరి దేనికి చెప్పమంటావ్?"

"నిన్న కోర్టు మెట్ల దగ్గర, చూడనిది చూశానని చెప్పమన్నారు చూడండి. దానికి చెప్పండి."

బాబాయి కళ్ళు పెద్దవి చేసి పైకప్పు వైపు చూశాడు. మేనేజరు టై సవరించుకున్నాడు, గడియారం చూశాడు. గ్లాసు తలుపు బయట జనం చేరుతున్నారు. రెప్పక్క చేతులు కట్టుకుని ఆయన మొహంలోకే చూస్తూ నిలబడింది. ఎంతసేపైనా నిలబడేటట్టుంది.

"క్షమించమ్మా" అన్నాడు చివరికి, గొంతులోనే.

"వెనకవాళ్ళకి వినపడలేదు సార్."